తొందర ఏమైనా ఉందా?

ఎమ్మిగనూరులో మేమిప్పుడు ఉంటున్న ఇంటికి మెట్లు లేవు. వీధిలోంచి లోపలికి రావాలంటే ఒక్క గడప దాటితే చాలు. ఇల్లు చూడడానికి వచ్చిన చుట్టాలు వంటగది ఇరుకనీ, సాయంత్రం ఎండ నేరుగా ముఖాన కొడుతుందనీ ఏవేవో వంకలు పెట్టి పోతుంటారు. పెట్టుకోనీ. నేను మాత్రం రోజుకు ఒకసారైనా ఆ గడప వంక చూసి అమ్మయ్య అనుకుంటాను. ఆ అమ్మయ్య దాకా రావడానికి ఒక కాగితం నన్ను పది రోజులు ఏడిపించింది. ముప్పై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పి, పిల్లల తప్పులకు ఎర్రసిరాతో సున్నాలు చుట్టిన దాన్ని, ఆ కాగితంలో ఒకే ఒక్క తెలుగు మాట దగ్గర బోర్లా పడ్డాను.

అంతకుముందు మేము ఆదోనిలో, ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉండేవాళ్ళం. లిఫ్టు లేదు. కొన్నప్పుడు అది ఒక లోటుగా అనిపించలేదు. మా ఆయన బస్సు డ్రైవరు. ఉరుకుంద ఈరన్న తిరునాళ్ళ రోజుల్లో స్పెషల్ బస్సులు తిప్పీ తిప్పీ ఇంటికి వచ్చి కూడా మెట్లు రెండేసి ఎక్కేవాడు. రిటైరైన రెండేళ్ళకు మోకాళ్ళు మొరాయించాయి. క్లచ్చు తొక్కి తొక్కి అరిగాయని ఆయన అంటాడు. డాక్టరు ఇంకేదో పేరు చెప్పాడు. ఒకరోజు రెండో అంతస్తు మలుపులో పడ్డాడు. దెబ్బ చిన్నదే గానీ భయం పెద్దది. ఆ రోజు నుంచి కిందికి దిగడం మానేశాడు.

సంవత్సరం దాటిపోయింది. రోజంతా బాల్కనీలో కుర్చీ వేసుకుని, రోడ్డుకు అవతల ఉన్న టీ హోటలు వైపు చూస్తూ కూర్చునేవాడు. ఏ డ్రైవరు ఏ డ్యూటీ దిగి ఎన్ని గంటలకు టీకి వస్తాడో ఆయనకు పైనుంచే తెలుసు. ఒక సాయంత్రం పాత స్నేహితులు కిందినుంచి గ్లాసులు ఎత్తి చూపించారు. ఈయన కూడా తన స్టీలు గ్లాసు ఎత్తి చూపించి పెద్దగా నవ్వాడు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఆ రోజే నిర్ణయించుకున్నాను, ఈ ఇల్లు అమ్మేసి నేల మీద ఉన్న ఇంటికి పోవాలని.

ఎమ్మిగనూరులో ఆయన చెల్లెలు ఉండే వీధిలోనే ఇల్లు దొరికింది. ఆ ఇంటాయన మంచివాడే గానీ ఖచ్చితమైన మనిషి. "నెలాఖరు దాకా మీ కోసరం సూస్తానమ్మా. ఆ తరవాత అడిగినోళ్ళకు ఇచ్చేస్తా, మళ్ళీ నన్ను అనుకోవద్దు" అన్నాడు. ఆదోని ఫ్లాటు అమ్ముడైతే తప్ప మేము ఆ ఇల్లు కొనలేం. చేతిలో నెల కూడా లేదు.

ఫ్లాటు చూడడానికి నలుగురైదుగురు వచ్చి పెదవి విరిచి పోయాక, ఒక నర్సు వచ్చింది. ఆదోనిలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పని. ముప్పై దాటి ఉంటాయి. వాళ్ళది దేవనకొండ దగ్గర పల్లె, అమ్మానాన్న కూలి పనులకు పోయేవాళ్ళు. వాళ్ళ వంశంలో మొదటిసారి సొంతానికి ఇల్లు కొంటున్నది ఈ అమ్మాయే. గదులన్నీ తిరిగి చూసి, వంటింటి గట్టు మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడింది. పోయేముందు గుమ్మం దగ్గర నెమ్మదిగా అడిగింది.

"నన్ను గుర్తు పట్టినారా మేడం? దేవనకొండ హైస్కూల్లో మీ దగ్గరే సదువుకున్న్యా."

నేను గుర్తు పట్టలేదు. అయినా పట్టినట్టే తల ఊపాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను బాగా నేర్చుకున్న విద్య అదొక్కటే.

బేరం కుదిరింది. కానీ ఒక మాట అడిగింది ఆ అమ్మాయి. అగ్రిమెంటు రాసుకునే ముందే సంఘం కాగితం కావాలని. అది న్యాయమైన మాటే. మా అపార్ట్‌మెంటులో ఇదివరకు ఒకాయన ఫ్లాటు అమ్మి పోయాక, కారు పెట్టుకునే చోటు తనదని చెప్పి అమ్మాడనీ, అది తనది కాదనీ తేలి పెద్ద రభస జరిగింది. అప్పటి నుంచి మా సంక్షేమ సంఘం ఒక పద్ధతి పెట్టింది. అమ్మేవాళ్ళు ఇంటి సంగతులన్నీ ఒక ఫారంలో రాసి సంతకం పెట్టాలి. దాని ప్రతి ఒకటి కొనేవాళ్ళకు పోతుంది. ఆ తరువాతే సంఘం తన అభ్యంతరం లేదని సర్టిఫికెట్ ఇస్తుంది.

ఆ ఫారం తయారుచేసింది మా సెక్రటరీ. సిరుగుప్ప పక్కనుంచి చిన్నప్పుడే వచ్చి, ఆదోనిలో ఒక పత్తి మిల్లులో గుమాస్తాగా జీవితమంతా గడిపిన పెద్దమనిషి. ఇంట్లో కన్నడం, బయట తెలుగు, కోపం వస్తే ఉర్దూ. ఆయన రాసే నోటీసులు మెట్ల దగ్గర గోడకు అంటించి ఉండేవి. పైకి పోతూ, కిందికి వస్తూ వాటిలో తప్పులు ఏరడం నాకొక కాలక్షేపం. ఒకసారి పెన్సిలుతో దిద్దాను కూడా. ఎవరు దిద్దారో ఆయనకు తెలుసు. ఎప్పుడూ అడగలేదు.

ఫారం తెచ్చుకుని డైనింగు టేబులు దగ్గర కూర్చున్నాను. ఎక్కువేమీ లేదు, ఒకటే పేజీ. యజమాని పేరు, ఫ్లాటు నంబరు, సంఘానికి కట్టవలసింది ఏమైనా మిగిలిందా, అమ్మకానికి కారణం ఏమిటి, ఇల్లు ఖాళీ చేసే తేదీ ఎప్పుడు. ఆరో ప్రశ్న ఇలా ఉంది: "తొందర ఏమైనా ఉందా? ఉన్నచో వివరముగా వ్రాయవలెను."

ఖాళీ చేసే తేదీ అడిగిన వెంటనే తొందర ఉందా అని అడిగాడు. నాకేమీ అనుమానం రాలేదు. తేదీ అడిగినవాడు తొందర అడగడం సహజమే కదా. పైగా నాకు తిక్క రేగింది. నా తొందర వీళ్ళకెందుకు? తొందరలో ఉన్నామని కాగితం మీద రాసిస్తే, ఆ కాగితం చూసి కొనేవాళ్ళు ఇంకొంచెం తగ్గించమంటారు. అంత తెలివితక్కువదాన్నా నేను? కలం తీసి గుండ్రటి అక్షరాలతో రాశాను: "మాకు ఎటువంటి తొందరా లేదు. ఇంతకుముందు కూడా ఎన్నడూ లేదు." రాసి, కింద సంతకం పెట్టాను.

ఇక్కడ ఇంకొక సంగతి ఒప్పుకోవాలి. మాది చివరి అంతస్తు కదా, పడకగది మిద్దె, అంటే పైకప్పు, కారుతుంది. వాన గట్టిగా పడితే ఫ్యాను పక్కనుంచి చుక్క చుక్కగా నీళ్ళు. రెండేళ్ళుగా ఆ చుక్కల కింద అన్నం గిన్నె పెట్టి నెట్టుకొచ్చాం. సెక్రటరీతో నోటిమాటగా చాలాసార్లు చెప్పాను, ఆయన చూద్దాం అన్నాడు, వానలు వెళ్ళిపోయేవి, ఇద్దరం మరిచిపోయేవాళ్ళం. అమ్మాలి అనుకోగానే పెయింటరును పిలిచి ఆ మచ్చ మీద తెల్లరంగు వేయించాను. మా ఆయన బాల్కనీలో ఉన్నాడు గనక చూడలేదు. ఎవరైనా అడిగితే చెబుదాం అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఎవరూ అడగలేదు. ఫారం చేతికి వచ్చినప్పుడు నేను మొదట వెతికింది కూడా దాని గురించే. ప్రశ్నలన్నీ రెండుసార్లు చదివాను. మిద్దె కారుతుందా అని ఎక్కడా లేదు. గుండె తేలికపడింది.

రెండు రోజుల తరువాత సర్టిఫికెట్ తెచ్చుకోవడానికి కింది అంతస్తులో సెక్రటరీ ఇంటికి పోయాను. ఆయన ముందు గదిలో ఫైళ్ళు పరుచుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి మనస్ఫూర్తిగా నవ్వాడు.

"రాండి టీచరమ్మా. మీ కాగితం సూసి నాకు శానా సంతోసమాయ. ఈ బిల్డింగులో ఎవర్ని అడిగినా తొందరే. ఒకరికి మోటారు తొందర, ఒకరికి డ్రైనేజీ తొందర, కింద మార్వాడీ ఆయనకు గోడ బీటలిచ్చిన తొందర. మీ ఇంటికి ఒక్కదానికే ఏ తొందరా లేదంటిరి. ఎన్నడూ లేదంటిరి. ఇల్లు అట్ల పెట్టుకోవల్ల."

మిద్దె కారుతుందని నేను చెప్పినవన్నీ ఆయన ఎప్పుడో మరిచిపోయాడు. ఆరో ప్రశ్న ఏమిటో నాకు అప్పుడు వెలిగింది. కన్నడంలో తొందర అంటే ఇబ్బంది. ఆదోనిలో సగం మంది నోట తెలుగులోనూ అదే అర్థంలో తిరుగుతుంది. కడుపులో తొందర అంటారు, అల్లుడితో తొందర అంటారు. నాకు తెలియనిది కాదు. అదే మాట ఆయన నోటితో అడిగి ఉంటే ఇట్టే తెలిసేది. అచ్చులో కనబడేసరికి నాలోని పంతులమ్మ నిఘంటువు పట్టుకుని ముందుకు వచ్చింది.

ఆయన సర్టిఫికెట్ నా చేతిలో పెట్టాడు. స్టాంపు కూడా వేసి ఉంది. "సదరు ఫ్లాటునకు ఎటువంటి తొందర లేదని అమ్మువారు వ్రాతపూర్వకముగా తెలియజేసినారు." నా ఫారం ప్రతి నర్సుకు ముందురోజే పంపేశాడట. నేను సరేనని బయటికి వచ్చేశాను.

మూడు అంతస్తులు ఎక్కుతూ ఆలోచించాను. నేను రాసింది అబద్ధం కాదు, వేరే ప్రశ్నకు జవాబు. రేపు వాన పడి నీళ్ళు కారితే, అమ్మా నేను అనుకున్న అర్థం అది కాదు, కావాలంటే నిఘంటువు చూసుకో అనొచ్చు. ఒక అంతస్తు దాకా ఈ వాదన బాగానే నిలబడింది. తరువాత నాకే సిగ్గేసింది. నేను అనుకున్న అర్థంలో కూడా అది అబద్ధమే. తొందర లేదా మాకు? తొందర గొంతు దాకా ఉంది. ఒకే మాటతో రెండు అబద్ధాలు చెప్పి, రెండింటి కిందా గుండ్రంగా సంతకం పెట్టాను.

కానీ చెబితే? ఆ అమ్మాయి వద్దంటే? నెలాఖరుకు ఇంకా పది రోజులే. ఎమ్మిగనూరు ఇల్లు పోతుంది. ఈయన ఆ బాల్కనీ కుర్చీలోనే ఇంకో సంవత్సరం కూర్చుంటాడు. ఆపైన ఇంకొకటి.

ఇంటికి వచ్చి ఆయనకు అంతా చెప్పాను. తెల్లరంగు సంగతి కూడా. ఆయన ముందు కడుపు పట్టుకుని నవ్వాడు, నేను తెలుగులో తప్పానని. నన్ను ఆటపట్టించడానికి నలభై ఏళ్ళుగా ఎదురుచూస్తున్నట్టు నవ్వాడు. నవ్వు ఆగాక కాసేపు రోడ్డు వైపు చూశాడు.

"డ్యూటీ దిగేటప్పుడు బండిలో ఏం తక్కువ ఉండాదో తరవాత ఎక్కే డ్రైవరుకు సెప్పకుండా నేను ఎప్పుడూ దిగల్యా. బ్రేకు కొంచెం లూజుగా ఉందనుకో, సెప్పకుండా తాళాలిచ్చి ఇంటికి పోయి పండుకుంటే నిద్ర పడతాదా? సెప్పు ఆ పాపకు."

"వద్దంటే?"

"వద్దంటే వద్దంటాది. ఈడ నుంచి టీ హోటలు బాగానే కనపడతాంది కదా."

ఆ చివరి మాట ఆయన నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం మింగుడు పడలేదు. అయినా చెప్పులు వేసుకుని కిందికి దిగాను.

ఆసుపత్రి దగ్గరికి పోయేసరికి ఆ అమ్మాయి డ్యూటీ అయిపోయి బయటికి వస్తోంది. గేటు పక్కన బెంచీ మీద కూర్చున్నాం. నేను ముందే అనుకుని పోయిన వాక్యాలన్నీ మరిచిపోయాను. పడకగది మిద్దె కారుతుందమ్మా, ఫ్యాను పక్కన, మచ్చ కనపడకుండా నేనే రంగు వేయించాను అని ఒకే ఊపిరిలో చెప్పేశాను. ఫారంలో ఆరో ప్రశ్న నాకు అర్థం కాలేదని కూడా చెప్పాను. ఆ ముక్క చెప్పడం రంగు సంగతి చెప్పడం కంటే కష్టమైంది.

ఆ అమ్మాయి ఆశ్చర్యపోలేదు.

"నాకు తెలుసు మేడం. ఫ్యాను పక్కన ఒక్కసోటే రంగు కొత్తగా ఉండ్య. ఆ కాగితం సూసినప్పుడే నవ్వుకున్న్యా. సెక్రటరీ సారు అడిగింది ఒకటి, మీరు రాసింది ఇంగొకటి. ఆ మాటకు మీ దగ్గర ఒకటే అర్థం కదా మేడం."

ఎలా తెలుసని అడిగాను. అప్పుడు చెప్పింది.

"మా ఊరు అని వ్యాసం రాయమన్నారు ఒకసారి. మా ఊర్లో నీళ్ళ తొందర ఎక్కువ అని రాసినా. మీరు ఎర్రసిరాతో సున్నా సుట్టి, క్లాసులో అందరి ముందరా సదివినారు. నీళ్ళకు తొందరేమిటే, బస్సెక్కి యాడికన్నా పోవల్లనా అన్నారు. పిల్లోళ్ళంతా నవ్విరి. ఆ తరవాత ఎప్పుడు రాసినా ఇబ్బంది అనే రాస్తా."

కోపంగా చెప్పలేదు. మామూలుగా, ఏదో పాత మందు పేరు చెప్పినట్టు చెప్పింది. నాకు ఆ వ్యాసం గుర్తు లేదు. నవ్వు మాత్రం గుర్తుంది. నా క్లాసుల్లో పిల్లలు బాగా నవ్వేవాళ్ళని నేను అందరికీ గొప్పగా చెప్పుకునేదాన్ని. ఎవరి మీద నవ్వేవాళ్ళో లెక్కలోకి తీసుకోలేదు. ఆమె ఊళ్ళో నీళ్ళకు నిజంగా కష్టం ఉండేది, బిందెడు నీళ్ళ కోసం పొద్దున్నే లేచి పోయి, ఆ తరువాత బడికి వచ్చిన పిల్ల ఆ మాట రాసింది. నేను మాటను చూశాను గానీ నీళ్ళను చూడలేదు.

"నువ్వు రాసిందే సరి. నేనే తప్పు" అన్నాను. ఇన్నేళ్ళలో ఒక విద్యార్థితో ఆ మాట అనడం అదే మొదటిసారి.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. కొంచెంసేపటికి నేనే ఉండబట్టలేక అడిగాను, అన్నీ తెలిసి ఎందుకు ఊరుకున్నావని.

"మీరే సెప్తారేమోనని సూస్తాంటి."

"చెప్పకపోయి ఉంటే?"

"అగ్రిమెంటు కాడ నేనే అడిగింటా మేడం. నేనేమన్నా పిచ్చిదాన్నా?"

అప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం. ఇల్లు వద్దనుకుంటుందేమో అన్న నా భయం ఆమెకు అర్థమైనట్టుంది. మా ఊరింట్లో కారని సోటే ల్యా మేడం, ఒక మూల కారితే ఇల్లు వదులుకుంటానా అంది. కాకపోతే ఒక షరతు పెట్టింది. ఆ కాగితం తిరగరాయాలి, మిద్దె సంగతి అందులో ఎక్కాలి, దాన్ని ఎవరు బాగుచేస్తారో కూడా రాతలో ఉండాలి. నర్సులు ఏదైనా కాగితం మీద ఉంటేనే నమ్ముతారట.

తిరిగి వస్తూ సెక్రటరీ తలుపు కొట్టాను. కొత్త ఫారం అడిగి, ఆయన ముందే కూర్చుని ఆరో ప్రశ్న కింద రాశాను: "తొందర ఉన్నది. పడకగది మిద్దె వానాకాలంలో కారుతుంది." ఇబ్బంది అని రాయలేదు. ఆయన మాటలోనే రాశాను. ఎందుకు మార్చవలసి వచ్చిందో చెప్పాను. ఆయన అద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"మీరు తెలుగు పండితులు, మీకు తెలీకుండా ఉంటాదా అనుకుంటి. నా తెలుగులో తొందర ఉండాదని నాకూ తెలుసు టీచరమ్మా. గోడ మీద నోటీసు దిద్దింది మీరే కదా. ఈ ఫారం గూడా ముందు మీకు సూపించి రాయల్ల అనుకున్న్యా. నవ్వుతారేమోనని భయపడితి."

ఆ రోజు నాకు రెండో దెబ్బ అది. ఫారం చివరిదాకా చదివాను. అట్టడుగున, చిన్న అక్షరాల్లో, నేను ఇదివరకు కన్నెత్తి చూడని వాక్యం ఒకటి ఉంది: "పై తొందరలలో మిద్దె, గోడలు, పైపులకు సంబంధించినవి సంఘమే సరిచేయవలెను." రెండేళ్ళు నోటిమాటగా మొత్తుకున్నా కదలని పని ఆ ఒక్క వాక్యంలో ఉంది. ఆయనే రాసుకున్న వాక్యం గనక ఆయన కాదనలేకపోయాడు. మరునాడే సంఘం మీటింగు పెట్టాడు. ఒకరిద్దరు సణిగారు గానీ, రాతలో ఉన్నది చూపించేసరికి ఊరుకున్నారు. వారం తిరగకుండా మేస్త్రీలు మిద్దె ఎక్కి, పాత సున్నం గీకి, కొత్తగా పూత వేశారు. తలమీద వాళ్ళు గీకుతున్న చప్పుడు వింటూ మా ఆయన, మనం పోయేటప్పుడు బాగు చేస్తాండారు సూడు అని మురిసిపోయాడు.

నెలాఖరుకు రెండు రోజుల ముందు రిజిస్ట్రేషన్ అయింది. సామాను వెళ్ళాక ఆయన్ని దింపడం మిగిలింది. సెక్రటరీ ఒక కుర్చీ పట్టుకుని ముందు నడిచాడు, ప్రతి మలుపులో వేయడానికి. నర్సు ఒక పక్క, నేను ఒక పక్క. రెండో అంతస్తు మలుపు దగ్గర, అంటే పడ్డచోట, ఆయన ఆగిపోయాడు. కుర్చీలో కూర్చోబెట్టి నీళ్ళు ఇచ్చాం. ఎంతసేపైనా కూర్చోమన్నాం. చాలాసేపు కూర్చుని లేచాడు. చివరి మెట్టు దిగాక నేరుగా ఆటో దగ్గరికి పోలేదు. నా భుజం పట్టుకుని రోడ్డు దాటి, టీ హోటలులో కూర్చుని, టీ తాగాడు. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు, ఆపుకోవడానికి ప్రయత్నించలేదు కూడా.

ఈ ఏడు వానలు ఆలస్యంగా పడ్డాయి. మొన్న ఒక పొద్దున ఇక్కడ ఎమ్మిగనూరులో బాగా కురిసి వెలిసింది. నాకు ఆదోని మిద్దె మీదే ధ్యాస. ఫోన్ చేసి అడుగుదామా వద్దా అనుకుంటుండగానే నర్సు దగ్గరి నుంచి మెసేజి వచ్చింది. "రాత్రంతా వాన మేడం. ఫ్యాను కింద గిన్నె పెట్టి సూసినా. చుక్క కూడా పడలే. ఏ తొందరా లేదు."

రెండుసార్లు చదివాను. దిద్దవలసింది ఏమీ కనపడలేదు.

ఆయనకు చెబుదామని గట్టిగా పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. చేతికర్ర లేదు, చెప్పులు లేవు, గడప అవతల తడి మట్టిలో ఆయన అడుగులు వీధి మలుపు దాకా ఉన్నాయి. పిలిస్తే పలకనంత దూరం పోయాడు. నేను గడప మీద కూర్చుని, వచ్చాక చెబుదాంలే అనుకున్నాను.